పన్నెండు కుర్చీలు ఎవరివి?

మన తెలంగాణ శాసనసభకు 119 మందిని ఎన్నుకుంటాం. 2023 నవంబర్ 30న ఓట్లు వేశాం, డిసెంబర్ 3న లెక్క తేలింది. కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8, మజ్లిస్‌కు 7, సీపీఐకి 1 వచ్చాయి. పోటీ పరీక్షలు రాసే మన పిల్లలు ఈ అంకెలను కంఠస్థం చేస్తారు. అడిగితే గడగడా చెబుతారు.

ఈ లెక్క లోపల ఇంకో లెక్క ఉంది. అది మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 119లో 12 స్థానాలు షెడ్యూల్డ్ తెగలకు కేటాయించినవి. ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్, ములుగు, మహబూబాబాద్, డోర్నకల్, ఇల్లెందు, పినపాక, భద్రాచలం, అశ్వారావుపేట, వైరా, దేవరకొండ. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో గిరిజనులు వందకు తొమ్మిది మంది. సభలో మన కుర్చీలు వందకు పది. అంటే లెక్కలో మనకు అన్యాయం జరిగిందని అనలేం. అయినా మన బతుకుల్లో ఆ పన్నెండు కుర్చీల బరువు ఎందుకు కనిపించదు? ఆ కుర్చీలు అసలు ఎవరివి? కూర్చున్న మనిషివా, టికెట్ ఇచ్చిన పార్టీవా, ఓటు వేసిన ఆ నియోజకవర్గం ప్రజలవా, లేక రాష్ట్రంలోని గిరిజనులందరివా?

ఇది రాజకీయ ప్రశ్న లాగా కనిపిస్తుంది గానీ, అడుగున ఉన్నది ధర్మాధర్మాల ప్రశ్న. ఒకరి కోసం దాచిపెట్టిన వస్తువును ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు, పుచ్చుకున్నవాడు దానిని ఎలా వాడాలి అనే ప్రశ్న.

నేను మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటాను. ఒక పక్క కాటేదాన్ కార్ఖానాలు, ఇంకో పక్క శంషాబాద్ విమానాశ్రయానికి పోయే దారులు. ఇక్కడి కార్ఖానాల్లో, కట్టుబడి పనుల్లో, ఇరుకు గదుల్లో మన తండాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. పైన రాసిన పన్నెండు పేర్లలో రంగారెడ్డి జిల్లా స్థానం ఒక్కటీ లేదు. మైలార్‌దేవ్‌పల్లి రాజేంద్రనగర్ నియోజకవర్గంలోకి వస్తుంది. అది జనరల్ స్థానం. అందుకే ఇక్కడ ఉన్న గిరిజనుడికి ఈ ప్రశ్న రెండింతలు గట్టిగా తగులుతుంది. అక్కడి పన్నెండు మందిలో ఎవరూ నా ఓటు అడగరు. ఇక్కడ ఓటు అడిగినవారు నన్ను గిరిజనుడిగా చూడనవసరం లేదు. మరి నా గొంతు సభలో ఎక్కడుంది?

ఓటర్లు ఒక దారి, సభ్యులు ఒక దారి

ముందు జరిగినదాన్ని చూద్దాం.

2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు టీఆర్ఎస్‌కు 63 స్థానాలు వచ్చాయి. సభలో సగానికి పైన ఉండాలంటే 60 కావాలి. అంటే మూడే ఎక్కువ. ఆ గాలిలో కూడా పన్నెండు గిరిజన స్థానాల్లో టీఆర్ఎస్ గెలిచింది ఐదే. మిగతా ఏడింటిలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు మూడు, కాంగ్రెస్‌కు రెండు, సీపీఐకి ఒకటి, సీపీఎంకు ఒకటి. ఇంకో సంగతి గమనించండి. ఆ ఏడు తెలంగాణ మొత్తంలో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచిన మూడు స్థానాలూ, కమ్యూనిస్టులు గెలిచిన రెండు స్థానాలూ గిరిజన స్థానాలే. మన జనం అందరి వెంట పోలేదు. తమ ఊరి లెక్క తాము వేసుకుని ఓటు వేశారు.

ఆ సభ కాలం ముగిసేనాటికి పన్నెండు మందిలో పదకొండు మంది అధికార పక్షంలో ఉన్నారు. భద్రాచలం సభ్యుడు సున్నం రాజయ్య ఒక్కరే మిగిలారు.

2018లో టీఆర్ఎస్ బలం 88కి పెరిగింది. నాలుగింట మూడు వంతుల సభ వాళ్లదే. అప్పుడు కూడా గిరిజన స్థానాల్లో వాళ్లు గెలిచింది ఐదే. కాంగ్రెస్ ఐదు గెలిచింది. అశ్వారావుపేటలో తెలుగుదేశం, వైరాలో ఇండిపెండెంట్ గెలిచారు. రాష్ట్రమంతా ఒక వైపు కొట్టుకుపోతుంటే మన ఓటర్లు రెండోసారి కూడా తమ తీర్పు తామే ఇచ్చారు. 2019 జూన్‌లో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో కలిశారు. సరిగ్గా మూడింట రెండు వంతులు. చట్టం దానిని విలీనం అంటుంది. ఆ పన్నెండు మందిలో ఆసిఫాబాద్, పినపాక, ఇల్లెందు సభ్యులు ఉన్నారు. వైరా సభ్యుడు ముందే అటు చేరారు. 2021లో అశ్వారావుపేట సభ్యుడు కూడా వెళ్లారు. ఐదు పది అయింది. ములుగులో సీతక్క, భద్రాచలంలో పొదెం వీరయ్య ఇద్దరే కాంగ్రెస్‌లో మిగిలారు.

ఒకసారి జరిగితే అది ఒక మనిషి బలహీనత అనుకోవచ్చు. 2014లో ఐదు పదకొండయింది, 2018లో ఐదు పది అయింది. రెండుసార్లు అదే జరిగిందంటే అది మనుషుల గుణం మాత్రమే కాదు, ఆ కుర్చీలను ఎలా చూస్తున్నాం అన్నదానిలోనే ఏదో ఉంది.

ఇల్లెందు, పినపాకలను దగ్గరగా చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఇల్లెందులో 2014లో కోరం కనకయ్య కాంగ్రెస్ తరఫున గెలిచి టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2018లో అదే కనకయ్యను టీఆర్ఎస్ అభ్యర్థిగా ఓడించి, కాంగ్రెస్ తరఫున నిలబడ్డ బానోత్ హరిప్రియను గెలిపించారు. ఆమె కూడా టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2023లో కనకయ్య తిరిగి కాంగ్రెస్‌కు వచ్చి, బీఆర్ఎస్ అభ్యర్థిగా ఉన్న హరిప్రియను ఓడించారు. పినపాకలోనూ దాదాపు ఇదే కథ. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచి టీఆర్ఎస్‌లోకి వెళ్లిన పాయం వెంకటేశ్వర్లు 2018లో కాంగ్రెస్ అభ్యర్థి రేగా కాంతారావు చేతిలో ఓడారు. కాంతారావు టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2023లో పాయం కాంగ్రెస్ నుంచి నిలబడి ఆయనను ఓడించారు.

ఇల్లెందు ఓటరు మూడు ఎన్నికల్లోనూ ఒకే గుర్తుకు ఓటు వేశాడు. రెండుసార్లు ఆ ఓటు ఇంకో పార్టీ ఖాతాలోకి పోయింది. ఇద్దరు నాయకులు ఒకరి జాగాలోకి ఒకరు మారారు. కదలకుండా ఉన్నది ఓటరు ఒక్కడే. గిరిజనులకు రాజకీయం తెలియదు, డబ్బుకు, మందుకు ఓటు వేస్తారు అని పట్నంలో మాట్లాడేవాళ్లకు ఈ రెండు నియోజకవర్గాల చరిత్ర చెప్పాలి.

"పనులు కావాలి కద బిడ్డా"

ఇప్పుడు రెండో వైపు మాట కూడా న్యాయంగా వినాలి. మన తండాల్లో, గూడేల్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. "ఎమ్మెల్యే సర్కారు పార్టీల ఉంటెనే రోడ్డొస్తది, బోరొస్తది. ఎదురు పార్టీల ఉంటే ఆయన చెయ్యెత్తి అడుగుడు తప్ప ఏమొస్తది? పనులు కావాలి కద బిడ్డా" అంటారు. ఈ మాటను తేలికగా తీసిపారేయలేం. వాన పడితే వాగు దాటలేని ఊరికి వంతెన కావాలి. పురిటి నొప్పులు పడే ఆడబిడ్డను మంచం మీద మోసుకుపోయే ఊరికి రోడ్డు కావాలి. సిద్ధాంతం కోసం ఐదేళ్లు ఆగమని ఆ ఊరికి చెప్పే హక్కు పట్నంలో గదిలో కూర్చుని రాసేవాళ్లకు లేదు. పార్టీ మారిన సభ్యుల్లో కొందరైనా మనసులో ఈ ఊళ్లనే తలుచుకుని మారి ఉండవచ్చు. అందరివీ స్వార్థాలే అనడం కూడా అన్యాయమే.

అయినా ఈ వాదంలో ఒక చిక్కు ఉంది. రోడ్డు కోసం పార్టీ మారాలి అని ఒప్పుకున్నామంటే, రోడ్డు మన హక్కు కాదు, అధికారంలో ఉన్నవారి దయ అని ఒప్పుకున్నట్టే. ఈసారి ఒక సభ్యుడు మారి రోడ్డు తెచ్చాడనుకుందాం. వచ్చేసారి ఇంకో పార్టీ వస్తుంది. మళ్లీ మారాలి. మారని ఊరికి రోడ్డు లేకపోవడం అప్పుడు తప్పుగా కనిపించదు, మామూలుగా కనిపిస్తుంది. ఒక ఊరికి మేలు చేసిన పని అన్ని ఊళ్ల హక్కును పలచన చేస్తుంది.

రెండో చిక్కు లెక్కలో ఉంది. 2023లో కాంగ్రెస్ గెలిచిన 64లో తొమ్మిది గిరిజన స్థానాలే. ఆ తొమ్మిది తీసేస్తే 55. మిత్రపక్షం సీపీఐని కలిపినా 56. ప్రభుత్వం నిలబడటానికి 60 కావాలి. అంటే ఫలితాలు వచ్చిన రోజు ఈ ప్రభుత్వం గిరిజన స్థానాల మీద ఆధారపడి ఉంది. ఆ తొమ్మిది మంది ఒక్కమాట మీద కూర్చుంటే వినక తప్పని పరిస్థితి. ఇలాంటి బరువు మన పన్నెండు కుర్చీలకు ఎప్పుడో గానీ రాదు. బయటి పార్టీల నుంచి సభ్యులు వచ్చి చేరిన కొద్దీ ఆ బరువు తగ్గిపోతుంది. 64 కాస్తా 70 దాటితే తొమ్మిది మంది మాట వినకపోయినా ప్రభుత్వానికి ఏమీ కాదు. కాబట్టి పార్టీ మారిన గిరిజన సభ్యుడు తన బరువునే కాదు, అప్పటికే ఆ పార్టీలో ఉన్న తోటి గిరిజన సభ్యుల బరువును కూడా తగ్గిస్తాడు. 88 మంది ఉన్న సభలో ఇంకో ఐదుగురు చేరితే ఆ ఐదుగురికి బలం ఎక్కడినుంచి వస్తుంది?

నిలబడినవారి సంగతి

పార్టీ మారకుండా నిలబడితే చాలు, అంతా బాగుంటుంది అని నీతికథ చెప్పలేం. 2018లో గెలిచి కాంగ్రెస్‌లోనే నిలబడ్డ ఇద్దరిలో సీతక్క 2023లో మళ్లీ గెలిచి మంత్రి అయ్యారు. పొదెం వీరయ్య ఓడిపోయారు. ఆయనను ఓడించిన తెల్లం వెంకటరావు ఉమ్మడి ఖమ్మం జిల్లాలో బీఆర్ఎస్ గెలిచిన ఒకే ఒక్క అభ్యర్థి. తరువాత పార్టీ మారారంటూ అనర్హత పిటిషన్లు ఎదుర్కొన్న పదిమంది సభ్యుల్లో ఆయన ఒకరు. నిలకడకు ప్రతిఫలం తప్పక దొరుకుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ప్రతిఫలం దొరుకుతుంది కాబట్టి చేసేది ధర్మం కాదు, అది బేరం.

ఒంటరిగా నిలబడ్డ మనిషి ఎంతవరకు చేయగలడో సున్నం రాజయ్య అనుభవం చెబుతుంది. 2014 ఏప్రిల్‌లో భద్రాచలం నియోజకవర్గం ప్రజలు తెలంగాణ శాసనసభకు ఓటు వేశారు. జూలైలో పార్లమెంటు చట్టం చేసి, పోలవరం ముంపు పేరున ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం కోయలు, కొండరెడ్లు తాము ఓటు వేసి గెలిపించుకున్న సభ్యుడు ఒక రాష్ట్రంలో, తాము ఇంకో రాష్ట్రంలో మిగిలారు. 2019లో ఆంధ్రలో ఎన్నికలు వచ్చేదాకా తాము ఎన్నుకున్న ఎమ్మెల్యే అని చెప్పుకోవడానికి వాళ్లకు తమ రాష్ట్ర సభలో ఎవరూ లేరు. సభలో ఆ పార్టీకి రాజయ్య ఒక్కరే. మాట్లాడగలరు, ఊరూరా తిరగగలరు. ఆపగలిగే సంఖ్య ఆయన వెనుక లేదు.

అంతకు ముందు ఇల్లెందు నుంచి గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు గెలిచారు. పెద్ద పార్టీ అండ లేదు, మంత్రి పదవి లేదు. నిరాడంబరంగా బతికిన ఎమ్మెల్యేగా ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన్ను తలుచుకుంటే కుర్చీని సొంత ఆస్తి చేసుకోకుండా ఉండవచ్చని తెలుస్తుంది. రాజయ్యను తలుచుకుంటే ఒక్క కుర్చీ సరిపోదని తెలుస్తుంది. ఈ రెండు పాఠాలూ కలిపి చదవాలి. నిజాయితీ ఒక్కరిలో ఉంటే గౌరవం వస్తుంది. పన్నెండు మందిలో కలిసి ఉంటేనే పని అవుతుంది.

చట్టం ఇచ్చిన జాగా

"పార్టీ విప్ ఇస్తే మేమేం చేయగలం?" అని సభ్యులు అంటారు. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం, సొంత పార్టీని తనంతట తాను వదిలినా, విప్‌కు వ్యతిరేకంగా ఓటు వేసినా సభ్యత్వం పోవచ్చు. ఇది నిజం. విప్ కట్టేది ఓటును. నోటిని కాదు. గిరిజనుల భూమి గురించి, ఆశ్రమ పాఠశాలల గురించి, అడవి హక్కు పత్రాల గురించి ప్రశ్న అడగవద్దని పదో షెడ్యూల్‌లో ఎక్కడా లేదు. వేరే పార్టీ గిరిజన సభ్యుడితో కలిసి ఒకే వినతిపత్రం మీద సంతకం పెట్టవద్దని లేదు.

ఇంకా పెద్ద సంగతి ఉంది. రాజ్యాంగం ఐదో షెడ్యూల్‌లో గిరిజన సలహా మండలి అని ఒకటి పెట్టింది. ఇరవై మందికి మించని ఆ మండలిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది శాసనసభలోని గిరిజన ప్రతినిధులే ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం గవర్నర్ ప్రత్యేక నిబంధనలు చేయాలంటే ఈ మండలిని సంప్రదించాలి. అంటే మన రాజ్యాంగ నిర్మాతలు ఒక సంగతి ముందే ఆలోచించారు. సభలో వీళ్లు పార్టీల వారీగా కూర్చుంటారు, కానీ వీళ్లు గిరిజనులుగా కలిసి కూర్చునే జాగా కూడా ఒకటి ఉండాలి అని. సభలో ఎదురెదురుగా ఉండే ఇద్దరు ఈ మండలిలో పక్కపక్కన కూర్చుంటారు. పన్నెండు కుర్చీలు పార్టీలవి మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఈ మాట విలువ వెంటనే తెలుస్తుంది. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులను నూటికి నూరు స్థానిక గిరిజనులకే ఇచ్చింది. దానివల్ల గోండు పిల్లవాడికి గోండి తెలిసిన సారు, కోయ పిల్లకు కోయ తెలిసిన టీచరమ్మ దొరికే దారి ఏర్పడింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. ఆ రోజు తెలంగాణ సభలో గిరిజన స్థానాల సభ్యుల్లో తొమ్మిది మంది అధికార పక్షంవైపే ఉన్నారు. పార్టీ మారడానికి చెప్పిన కారణం నిజమైతే, అధికారానికి దగ్గరగా ఉంటే పనులు అవుతాయన్న మాట నిజమైతే, పరీక్షించుకోవడానికి అంతకన్నా మంచి సమయం లేదు. డీఎస్సీ రాసిన ఏజెన్సీ యువతను అడగండి. ఆ తొమ్మిది మంది దగ్గరితనం వాళ్లకు ఎంతవరకు అక్కరకు వచ్చిందో వాళ్లే చెబుతారు.

మైలార్‌దేవ్‌పల్లిలో ఉన్న గిరిజనుడు

ఇక నా మొదటి ప్రశ్నకు వస్తాను. మా రాజేంద్రనగర్ నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి ఉంది. అప్పటి నుంచి నాలుగు ఎన్నికల్లోనూ టి. ప్రకాష్ గౌడ్ గెలిచారు. 2009, 2014లో తెలుగుదేశం, 2018లో టీఆర్ఎస్, 2023లో బీఆర్ఎస్ అభ్యర్థిగా. అనర్హత పిటిషన్లు ఎదుర్కొన్న ఆ పదిమందిలో ఆయన కూడా ఉన్నారు. మూడు నెలల్లో ఆ పిటిషన్లు తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకర్‌కు చెప్పింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనే తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. పార్టీ మారే రాజకీయం గిరిజన స్థానాలకే పట్టిన జబ్బు కాదు అని చెప్పడానికే ఈ మాట రాశాను. జనరల్ స్థానాల్లోనూ అది ఉంది. తేడా ఒక్కటే. జనరల్ కుర్చీ ఖాళీ అయితే ఆ వర్గాల గొంతు వినిపించడానికి ఇంకా ఎన్నో కుర్చీలు ఉంటాయి. మనకు ఉన్నవి పన్నెండే.

దేవరకొండ తండా నుంచి కాటేదాన్‌కు వచ్చిన మనిషి ఓటును ఊర్లోనే ఉంచుకుంటే అక్కడ గిరిజన సభ్యుడిని ఎన్నుకుంటాడు, ఇక్కడి మోరీ గురించి అడగలేడు. ఓటు ఇక్కడికి మార్చుకుంటే మోరీ గురించి అడగగలడు, గిరిజన సభ్యుడు ఉండడు. కడుపు కోసం వంద కిలోమీటర్లు జరిగితే గిరిజనతనం పోతుందా? కుల ధ్రువపత్రం కోసం తిరిగేటప్పుడు, పిల్లకు హాస్టల్ సీటు అడిగేటప్పుడు, గది అద్దెకు అడిగితే పేరు చివర నాయక్ అని విని తలుపు వేసేటప్పుడు ఆ గిరిజనతనం ఇక్కడే ఉంటుంది.

ఈ చిక్కును వేరే దేశంలో ఇంకోలా విప్పారు. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలకు 1867 నుంచి పార్లమెంటులో ప్రత్యేక స్థానాలు ఉన్నాయి. మొదట నాలుగు, ఇప్పుడు ఏడు. ఆ ఏడు స్థానాలు కలిపి దేశం మొత్తాన్ని కప్పుతాయి. మావోరీ మనిషి ఆక్లాండ్ లాంటి పెద్ద పట్నంలో ఉన్నా, మావోరీ జాబితాలో పేరు రాయించుకుంటే మావోరీ సభ్యుడికే ఓటు వేస్తాడు. ఇష్టం లేకపోతే సాధారణ జాబితాలో ఉంటాడు. 2023 ఎన్నికల్లో ఆ ఏడింటిలో ఆరు మావోరీల సొంత పార్టీయే గెలిచింది. మన దగ్గర 1932 పూనా ఒప్పందం తరువాత ఉమ్మడి ఓటర్ల దారి ఖాయమైంది. రిజర్వు స్థానంలో గిరిజనుడే నిలబడాలి, కానీ ఓటు అందరూ వేస్తారు. ఏ దారి మంచిదో అనేది పెద్ద చర్చ. విడి జాబితా ఉంటే మిగతా పార్టీలు మనల్ని పూర్తిగా వదిలేస్తాయనే భయం కూడా ఉత్త భయం కాదు.

చట్టం మారేదాకా చేయగలిగింది ఏమిటి? నా జవాబు ఇది. ఆ పన్నెండు కుర్చీలు ఆయా నియోజకవర్గాలవి మాత్రమే కాదు. వాటిని ఇచ్చింది రాష్ట్రంలోని గిరిజనులందరి తల లెక్కపెట్టి. ఆ లెక్కలో మైలార్‌దేవ్‌పల్లి తల కూడా ఉంది, శంషాబాద్ తండాల తలలు కూడా ఉన్నాయి. లెక్కకు మా తలలు పనికొచ్చినప్పుడు, బాధ్యతలోకి మా బతుకులు కూడా రావాలి. డోర్నకల్ సభ్యుడు, బోథ్ సభ్యుడు కాటేదాన్ కార్ఖానాలో ప్రమాదం జరిగినప్పుడు కూడా మాట్లాడాలి. అది దయ కాదు, ఆ కుర్చీతో పాటు వచ్చిన అప్పు.

మన ఇంట్లో మాట

బయటివాళ్లను అడిగే ముందు మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. పన్నెండు మంది ఒక్క మాట మీదకు రాకపోవడానికి పార్టీలే కారణం కాదు. ఆదివాసులకు, లంబాడీలకు మధ్య తగాదా ఉంది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. ఉద్యోగాల్లో తమ వాటా పోయిందని గోండులు, కోయలు అడుగుతున్న ప్రశ్నలో బాధ ఉంది. తమను పరాయివాళ్లుగా చూస్తున్నారనే లంబాడీల బాధ కూడా నిజమే. 2017 నుంచి ఈ తగాదా రోడ్డెక్కింది. దీన్ని దాచిపెట్టి ఐకమత్యం గురించి ఉపన్యాసం ఇస్తే ఎవరూ నమ్మరు. దీనికి న్యాయమైన పరిష్కారం మనమే కూర్చుని వెతకాలి. కూర్చోకపోతే ఈ తగాదా ఏ పార్టీకి కావాలంటే ఆ పార్టీకి ఎన్నికల సామాను అవుతుంది.

ఆ పన్నెండు మందిలో చెంచు లేరు, కోలాం లేరు, తోటి లేరు. సభలో మన సంఖ్య చిన్నదని పెద్ద కులాల మీద ఫిర్యాదు చేసే మనం, మనలో చిన్న తెగలకు ఎంత చోటు ఇచ్చాం? నల్లమల చెంచు గురించి అడగవలసిన బాధ్యత మిగతా పన్నెండు మందికీ ఉంది. మైలార్‌దేవ్‌పల్లి గిరిజనుడిగా నేను వాళ్లను ఏ ధర్మంతో అడుగుతున్నానో, చెంచు కూడా అదే ధర్మంతో అడగగలడు.

మన పాత పద్ధతుల్లో దీనికి ఆధారం ఉంది. తండాలో నాయక్, కార్‌బారీ ఉన్నా, గోండుల రాయి సెంటర్‌లో సార్‌మేడి ఉన్నా, పెద్దమనిషి తన మాట చెప్పేది అందరి మాట విన్నాకే. ఆ పెద్దరికాన్ని జేబులో వేసుకుని పక్క ఊరికి పోయి కూర్చుంటే అతన్ని పెద్దమనిషి అనరు. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబర్‌లోనే అన్నారు, ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనవసరం లేదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి అని. ఆ మాటకు మనం తగినట్టు ఉన్నామా అని చూసుకోవలసింది మనమే. మన పద్ధతుల్లో ఆడవాళ్లను వెనుక కూర్చోబెట్టిన లోటు కూడా ఉంది. అది కూడా సరిదిద్దుకోవాలి.

సమయం ఎక్కువ లేదు. శాసనసభల్లో మన రిజర్వేషన్‌కు గడువు ఉంది. పదేళ్లకోసారి పొడిగిస్తూ వస్తున్నారు. 104వ సవరణ ప్రకారం ఇప్పటి గడువు 2030 జనవరి 25. ఆ రోజు దగ్గరపడినప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, ఈ స్థానాల వల్ల గిరిజనులకు ఏం ఒరిగింది అని. ఆ ప్రశ్నకు కోపంతో కాక, లెక్కతో జవాబు చెప్పగలగాలి.

అందుకని యువకులను, ఉపాధ్యాయులను ఒక చిన్న పని చేయమని అడుగుతున్నాను. ఒక నోటు పుస్తకంలో పన్నెండు పేజీలు పెట్టండి. ఒక్కో పేజీ మీద ఒక్కో స్థానం పేరు రాయండి. ఆ సభ్యుడు ఏ గుర్తు మీద గెలిచారు, ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారు, ఈ సమావేశాల్లో గిరిజనుల గురించి ఏ ప్రశ్న అడిగారు, గిరిజన సలహా మండలి ఎప్పుడు కూర్చుంది, అక్కడ ఏం చర్చించారు. సమాచార హక్కు చట్టం కింద అడగదగ్గవి అడగండి. పదో తరగతి పిల్లల చేత సాంఘికశాస్త్రం పీరియడ్‌లో ఈ పని చేయించవచ్చు. జనరల్ స్థానంలో ఉన్నవాళ్లు పదమూడో పేజీ పెట్టి తమ ఎమ్మెల్యే పేరు రాయండి. ఆయనకూ మనం ఓటర్లమే.

ఓటు అడగడానికి వచ్చినవారిని ఏ పార్టీ అని కాకుండా ముందు ఒక ప్రశ్న అడగండి: గిరిజనుల హక్కు విషయం వచ్చినప్పుడు మిగతా పదకొండు మందితో కలిసి కూర్చుంటారా? అవును అన్నవారి మాట తేదీ వేసి ఆ నోటు పుస్తకంలో రాసుకోండి. ఐదేళ్ల తరువాత వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఆ పేజీ తీసి ముందు పెట్టండి.